గుండీ కారెక్కేదాకా

ఫిబ్రవరి 6

ఉత్తరమంటే బద్ధకించే తమ్ముడికి,

నీకు ఫోన్ చేస్తే గోడకి చేసినట్టే ఉంటుంది. నేను పది మాటలంటే నువ్వు ఒక "ఊఁ" అంటావు. ఆ "ఊఁ"లో ఏముందో పట్టుకోవడం నా వల్ల కాదు. కాగితం మీదైతే నీకు కాస్త నోరొస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే రాస్తున్నాను. నువ్వూ రాయి.

ముందు మంచి కబురు. ఈ అపార్ట్‌మెంటు వాళ్ళు కుక్కని ఉంచుకోవడానికి ఒప్పుకున్నారు. మూడు మీటింగులు పెట్టారు. మూడోదానికి నేనే చేతికర్ర పట్టుకుని వెళ్ళి, "నా కుక్క మీ పిల్లలకన్నా తక్కువే అరుస్తుంది" అన్నాను. మీ మేనకోడలు సిగ్గుతో చచ్చిపోయింది గానీ పని జరిగింది. లిఫ్టులో మాత్రం గొలుసు వేసి తీసుకెళ్ళాలట.

రెండో కబురు, నేనిక అక్కడికి రాను. మోకాలి ఆపరేషన్ అయ్యాక రెండు నెలలుండి వచ్చేస్తానన్నాను కదా. ఇక మెట్లున్న ఇల్లు వద్దంటున్నాడు డాక్టరు. అమ్మాయీ అల్లుడూ ఇక్కడే ఉండిపొమ్మన్నారు. కిటికీ పక్కన కుట్టు మిషను వేసుకున్నాను. అప్పుడే పై అంతస్తు ఆవిడ రెండు కర్టెన్లు తెచ్చి పడేసింది. లోటల్లా గుండీయే. అది నీ దగ్గర గేటు వైపు చూస్తూ కూర్చుంటోందని విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఎండలు ముదిరేలోపు దాన్ని తీసుకురా. రైలు వద్దు. రైల్లో కుక్కల్ని వేరే పెట్టెలో వేస్తారట. అంతసేపు ఒంటరిగా ఉంటే దాని గుండె ఆగిపోతుంది. మీ బావ పోయాక ఆయన కారు షెడ్డులో ఊరికే పడి ఉంది, అందులో తీసుకురా. పాతికేళ్ళు బస్సు నడిపినవాడివి, నాలుగు వందల ఇరవై కిలోమీటర్లు నీకొక లెక్కా? పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇక్కడుంటారు ఇద్దరూ.

వచ్చే ఆదివారం వీధి వైపే చూస్తూ కూర్చుంటాను.

అక్క

ఫిబ్రవరి 15

అక్కా,

ఆదివారం రాలేదని కోప్పడకు. గుండీ కారెక్కడం లేదు.

షెడ్డు తెరిచి కారు మీది గుడ్డ లాగానో లేదో, నాలుగు కాళ్ళూ నేలకి అతికించేసింది. బిస్కెట్టు చూపించాను. బిస్కెట్టు వైపు చూసింది, కారు వైపు చూసింది, నా వైపు మాత్రం నమ్మకద్రోహిని చూసినట్టు చూసింది. ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టాను. ఇంజను కూడా స్టార్టు చెయ్యలేదు, చొంగ కార్చుకుంటూ వణికిపోయింది. ఆ తర్వాత సీటంతా కక్కింది. బావ ఉండుంటే ఇద్దర్నీ కలిపి బయటికి తోసేవాడు.

పశువుల డాక్టరమ్మ దగ్గరికి నడిపించుకుని వెళ్ళాను. ఆవిడ చెవులూ పళ్ళూ చూసి, "ఆరోగ్యం దివ్యంగా ఉంది, భయం ఒక్కటే. ఇదివరకు ఎప్పుడైనా కారెక్కిందా?" అంది.

"ఒక్కసారే. మీ దగ్గరికి, ఆపరేషన్‌కి."

"ఇంకేం! కారంటే కత్తి అనుకుంటోంది."

కొన్నాళ్ళు కారు కదపొద్దంది. తలుపులు బార్లా తీసిపెట్టి అన్నం గిన్నె మొదట కారు పక్కన, తర్వాత కారు తలుపు దగ్గర, తర్వాత లోపల పెట్టమంది. దానంతటది ఎక్కాలి. అప్పుడు ఇంజను, ఆ తర్వాత గేటు, ఆ తర్వాత వీధి. తొందరపెడితే మళ్ళీ మొదటికొస్తుందంది.

అంచేత ఆలస్యమవుతుంది. నాకూ డ్యూటీ ఉంది. పోయిన సామాన్ల గదికి ఈ వారం ముప్పై ఒక్క గొడుగులు, ఒక గిటారు, ఒక కట్టుడు పళ్ళ సెట్టు వచ్చాయి. బస్సులో పళ్ళు ఎలా మర్చిపోతారో, ఇప్పుడు దేంతో తింటున్నారో తెలీదు. గుండీని రోజూ డిపోకి నాతోనే తీసుకెళ్తున్నాను. గొడుగుల కింద పడుకుంటోంది. మేనేజరు చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు.

నా నడుం కూడా ఇంకా సరిగ్గా లేదు.

తమ్ముడు

ఫిబ్రవరి 22

గుండీకీ, దాని డ్రైవరుకీ,

కుక్కకి కూడా సీటు బెల్టు ఉండాలని అల్లుడు ఎక్కడో చదివాడు. మెడపట్టీకి కడితే బ్రేకు వేసినప్పుడు పీక నొక్కుకుంటుందట, ఛాతీ చుట్టూ తొడిగే బెల్టు కావాలట. ఆ మాత్రం నేను కుట్టలేనా? ఫోన్ చేసి కొలత అడిగితే "యాభై ఎనిమిది" అని పెట్టేశావు. యాభై ఎనిమిది అంగుళాలా? అక్కడ నా గుండీని పెంచుతున్నావా, దున్నపోతునా? టేపు రెండో వైపు పట్టుకున్నావని కాసేపటికి అర్థమైంది. దర్జీదాని తమ్ముడివై ఉండి సెంటీమీటరుకీ అంగుళానికీ తేడా తెలీదు. ఇరవై మూడు అంగుళాలకి కుట్టి, సర్దుకోవడానికి రెండు వైపులా వదిలాను. పట్టీ గట్టిది, లోపల మెత్తటి గుడ్డ వేశాను. చంకల దగ్గర ఒరుసుకోదు.

అదే పార్సిల్లో నీకొక దిండు. నడుం వెనక పెట్టుకో. ఆ నొప్పి వల్లే కదా బస్సు వదిలేసి గొడుగుల మధ్య కూర్చున్నావు. మూడేళ్ళయింది, ఒక మంచి డాక్టరుకి చూపించుకోవు.

ఇంకో పొట్లంలో నా నిద్రమాత్రలు నాలుగున్నాయి. సగం మాత్ర అన్నంలో కలిపి పెట్టు. కళ్ళు తెరిచేసరికి నా ఒళ్ళో ఉంటుంది. ఇన్నాళ్ళ తంటా ఎందుకు?

ఇంకో మాట, ఊరికే అడుగుతున్నాను. దాంతో నీకు కాలక్షేపంగా ఉందని నీ ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. ఇవ్వాలని లేకపోతే ఆ ముక్క అనెయ్. సాకులు వద్దు.

అక్క

మార్చి 5

అక్కా,

ముందు మాత్రల సంగతి. డాక్టరమ్మకి చూపించాను. కళ్ళజోడు తీసి నన్ను కిందా మీదా చూసింది. "మనుషుల నిద్రమాత్ర కుక్కకి పెడతారా? దారిలో ఊపిరాడకపోతే ఎవర్ని పిలుస్తారు? మీరు బ్రేకు వేస్తే నిద్రపోయిన కుక్క తమాయించుకోగలదా?" అని చెడామడా దులిపేసింది. నీకు పడాల్సిన అక్షింతలు నాకు పడ్డాయి. మాత్రలు ఆవిడే పారేసింది.

బెల్టు అతికినట్టు సరిపోయింది. ఒకటికి రెండుసార్లు కూర్చుని, లేచి, తిరిగి చూసుకుని గుండీ ఒప్పుకుంది.

ఇప్పుడు కారులోనే అన్నం తింటోంది. తలుపు తీస్తే చాలు, నాకంటే ముందు ఎక్కేస్తోంది. వెనక సీట్లో నీ పాత దుప్పటి పరిచాను, అందులో మూతి దూర్చి పడుకుంటోంది. పోయిన బుధవారం ఇంజను స్టార్టు చేశాను. దాని చెవులు లేచాయి, అంతే. చెమటలు పట్టింది నాకు. ఆదివారం గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. ఇద్దరికీ అంతకన్నా చేతకాలేదు.

ఇవ్వాలని లేకపోవడం ఏమిటక్కా? దాన్ని నీ దగ్గర దింపాలనే నా తాపత్రయం. ఎందుకు ఆలస్యమవుతోందో రాద్దామని కూర్చుని రెండు కాగితాలు చించేశాను. కాస్త ఓపిక పట్టు. దిండు బాగుంది.

తమ్ముడు

మార్చి 12

నీకు,

ఈసారి కుశలప్రశ్నలు లేవు.

సోమవారం పొద్దున ఫోన్ మోగితే అమ్మాయి ఎత్తింది. ఎవరో పెంకుల గోదాము ఆయన. "మీ కుక్క మా షెడ్డులో ఉందమ్మా. మెడలో బిళ్ళ మీద మీ నంబరుంది. నిన్నటి నుంచి పెంకుల దొంతర వెనక దాక్కుంది, పిలిస్తే రావడం లేదు" అన్నాడట. మన ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు! నీకు ఫోన్ చేస్తే "ఊఁ, వెళ్తున్నా" అన్నావు. సాయంత్రం చేస్తే "ఊఁ, దొరికింది" అన్నావు. ఒక రాత్రీ ఒక పగలూ అది కనపడకపోతే నాకు చెప్పాలనిపించలేదా?

మర్నాడు ఆ పెంకులాయనకి నేనే చేశాను. పాపం, మంచివాడు. "నడిచి వచ్చాడమ్మా, నడిపించుకునే తీసుకెళ్ళాడు" అన్నాడు. ఇంట్లో కారుంది. నీకు డ్రైవింగు చేతనవును. తొమ్మిదేళ్ళ కుక్కని, తిండీ నిద్రా లేనిదాన్ని, తొమ్మిది కిలోమీటర్లు నడిపించావు.

అటు తిప్పీ ఇటు తిప్పీ నాకు ఒక్కటే అర్థమవుతోంది. విసుగొచ్చి ఎక్కడో వదిలేశావు. ఎవరో నాకు ఫోన్ చేసేసరికి తప్పక వెళ్ళి తెచ్చావు. నాన్న చెప్పాడని పిల్లిపిల్లల్ని సంచిలో వేసుకెళ్ళి మార్కెట్లో వదిలొచ్చిన వాడివే కదా నువ్వు.

నెలాఖరుకి అల్లుడు సెలవు పెట్టి వస్తాడు. కారు తాళం, కుక్క గొలుసు అతని చేతిలో పెట్టు. నువ్వేమీ శ్రమపడక్కర్లేదు.

అక్క

మార్చి 16

అక్కా,

నీ ఉత్తరం డిపోలో చదివాను. పక్కన గుండీ ఉంది. ఈసారి కాగితం చించను, ఎలా వస్తే అలా రాస్తాను.

నాకు నడుం నొప్పి లేదు. ఎప్పుడూ లేదు.

మూడేళ్ళ క్రితం నా బస్సు ఘాటు రోడ్డు దిగుతుంటే బ్రేకు పైపు పగిలిందని నీకు తెలుసు. గట్టు వైపు ఒరిగించి ఆపానని, అందరూ బతికారని మెచ్చుకున్నారు. తప్పు నాది కాదని ఎంక్వయిరీలోనూ రాశారు. అక్కడితో అయిపోయిందని చెప్పాను. అవలేదు. పెడలు తొక్కితే కాలి కింద ఏమీ లేకపోవడం, వెనక నలభై మంది ఒక్కసారి అరవడం, అది ఇంకా నా కాల్లోనే ఉంది. నెల తర్వాత డ్యూటీకి వెళ్ళి సీట్లో కూర్చుంటే చేతులు కొయ్యబారిపోయాయి. నడుం నొప్పి అని రాసిచ్చి పోయిన సామాన్ల గదికి వచ్చేశాను. అప్పటి నుంచి సైకిలు కూడా తొక్కలేదు. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.

గుండీ కారెక్కడం నేర్చుకుంటుంటే, దాని పక్కన నేనూ నేర్చుకుంటున్నాననుకున్నాను. డాక్టరమ్మ దానికి చెప్పిందల్లా నాకూ పనికొచ్చింది. ఇంజను, గేటు, వీధి చివర. దానికి రెండు వారాలు పట్టింది. నాకింకా పడుతోంది.

ఆ ఆదివారం ధైర్యం చేసి పెద్ద రోడ్డెక్కాను. బాగానే వెళ్ళాం, చాలా దూరం వెళ్ళాం. ఇంతలో వెనక నుంచి లారీ హారన్ కొట్టి బుస్సుమని బ్రేకు గాలి వదిలింది. ఎలా ఆపానో తెలీదు. తలుపు తీసుకుని దిగి రోడ్డు పక్కన కూలబడ్డాను. వెనక తలుపు కూడా నేనే తీసినట్టున్నాను, దాన్ని దింపుదామని కాబోలు. గొలుసు పట్టుకోకుండానే బెల్టు కొక్కెం విప్పేశాను. తల తిప్పేసరికి గుండీ లేదు.

చీకటిపడేదాకా పిలుస్తూ తిరిగాను. గొంతు పోయింది. నీకు ఏమని ఫోన్ చెయ్యను? నీ కుక్కని పోగొట్టానని చెప్పడానికి నోరు రాలేదు. పెంకులాయన కబురు తెలిసినప్పుడు ప్రాణం లేచొచ్చింది. కారు రోడ్డు మీదే ఉంది, దాన్ని ముట్టుకోలేకపోయాను. మన మెకానిక్ వెళ్ళి తెచ్చాడు. నేను నడిచి వెళ్ళాను, నడిచే తెచ్చాను. నీడ ఉన్నచోటల్లా కూర్చున్నాం, అరగంటకోసారి నీళ్ళు పట్టాను. చివరి కిలోమీటరు ఎత్తుకున్నాను.

పిల్లిపిల్లల్ని మార్కెట్లో వదల్లేదు. మిల్లు కాపలాదారు భార్యకి ఇచ్చాను. నాన్నకి తెలిస్తే తంతాడని చెప్పలేదు.

అల్లుణ్ణి పంపించు. అదే మంచిది.

తమ్ముడు

మార్చి 20

నా తమ్ముడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. ఇక అక్షరాలు కనపడలేదు.

నడుం నొప్పి అన్నావని దిండు కుట్టి పంపాను. దాన్ని ఆనుకుని కూర్చుని "బాగుంది" అని రాయడానికి నీకు మనసెలా ఒప్పిందిరా? నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఎదురింటావిడ తలుపు కొట్టి అడిగింది.

నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఇక్కడ పగలంతా ఒక్కదాన్నే. అమ్మాయీ అల్లుడూ పొద్దున పోతే మళ్ళీ దీపాల వేళకే. మిషనుతో మాట్లాడుకుంటున్నాను. అంత ఒంటరితనంలో ఏ చిన్న సంగతైనా భూతంలా కనిపిస్తుంది. నీ మీద విరుచుకుపడ్డాను. నీకు భయమేసిందంటే నేను నవ్వుతాననుకున్నావా? ఆ రోజు బ్రేకు అందక గాల్లో తొక్కిన కాలు అది. దానికి ఇంకా వణుకు పోలేదంటే అందులో సిగ్గేముంది?

అల్లుడి సెలవు మంజూరైంది. అతను వచ్చినా సరే, నువ్వు వచ్చినా సరే. నువ్వు రాలేనంటే నీమీద చీమంత కోపం ఉండదు. ఇందులో పౌరుషానికి పోకు. గుండీకి ఎలా చేశావో నీకూ అలాగే చేసుకో. తొందర లేదు.

నిన్ను అనవసరంగా తిట్టిన అక్క

మార్చి 29

అక్కా,

అల్లుడు సెలవు దాచుకోమను. నేనే వస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు కారు మీద మళ్ళీ గుడ్డ కప్పేద్దామని షెడ్డులోకి వెళ్ళాను. తలుపు తెరిచే ఉందేమో, గుండీ లోపలికెక్కి దుప్పటి మీద కూర్చుంది. దిగమంటే దిగదు. రమ్మంటే రాదు. తనని ఎక్కడికో తీసుకెళ్ళాల్సిన మనిషిని నేనేనన్నట్టు చూస్తోంది. సరేనని బెల్టు తగిలించి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. మర్నాడు డిపో దాకా. ఆ తర్వాత పక్కన మెకానిక్‌ని కూర్చోబెట్టుకుని అరవై కిలోమీటర్లు. నేను గట్టిగా ఊపిరి పీల్చినప్పుడల్లా అతను తన కూతురి స్కూలు కబుర్లు ఎత్తుకునేవాడు. పెంకుల గోదాము దగ్గర ఆగి ఆయనకి దండం పెట్టి వచ్చాం. బ్రేకులు, గొట్టాలు అన్నీ విప్పి నా కళ్ళముందే కొత్తవి వేశాడు మెకానిక్.

డాక్టరమ్మ టీకాల కాగితం ఇచ్చింది. బయల్దేరే ముందు నాలుగు గంటలు దానికి తిండి పెట్టొద్దంది, కడుపు ఖాళీగా ఉంటే తిప్పదట. తాగే నీళ్ళు ఇంటి నుంచే తెమ్మంది. రెండు గంటలకోసారి ఆగాలి. కిటికీలోంచి తల బయట పెట్టనివ్వకూడదు. ఎండలో మూసిన కారులో ఒక్క నిమిషం కూడా వదలొద్దని మాత్రం వేలు చూపించి మరీ చెప్పింది.

శుక్రవారం తెల్లారుతుండగా బయల్దేరతాం. దారిలో ఫోన్ చెయ్యకు, ఎత్తను.

తమ్ముడు

ఏప్రిల్ 3, మధ్యాహ్నం

అక్కా,

ఇది నాకంటే వెనక చేరుతుందని తెలుసు, అయినా రాయాలనిపించింది. సగం దారి దాటాం. పెట్రోలు బంకు వెనక పెద్ద చెట్టు నీడలో ఉన్నాం. ఈ కార్డు బంకు వాళ్ళ దగ్గరే కొన్నాను. తలుపు తీసే ముందు గొలుసు చేతికి చుట్టుకుంటున్నాను. ఇప్పుడది అలవాటైపోయింది. గుండీ నీళ్ళు తాగి, మూడు చోట్ల వాసన చూసి, నా బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది. ఒక్కసారి కూడా కక్కలేదు.

ఘాటు రోడ్డు దిగేశాం. దిగుతున్నంతసేపూ దాంతో మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. కింద చదును రోడ్డుకొచ్చాక చూసుకుంటే చొక్కా తడిసి ముద్దయింది. కానీ చేతులు కొయ్యబారలేదు అక్కా. బ్రేకు వేసిన ప్రతిసారీ కాలి కింద గట్టిగా తగిలింది.

వెళ్ళాలి. ఎండ ఇటు తిరుగుతోంది.

తమ్ముడు

ఏప్రిల్ 8

నా డ్రైవరు తమ్ముడికి,

నువ్వు బస్సెక్కి రెండు గంటలైంది. అప్పుడే రాస్తున్నాను. నీ కార్డు ఇందాకే వచ్చింది. గుండీకి చదివి వినిపించాను. తోక మూడుసార్లు ఊపింది, మూడుసార్లూ నీ పేరు దగ్గరే.

నీకు తెలియంది ఒకటి చెప్తాను. ఆ సాయంత్రం నువ్వు వచ్చేసరికి నేను బాల్కనీలోనే ఉన్నాను. నాలుగు గంటల నుంచి అక్కడే ఉన్నాను, మోకాలు వాచిపోయింది. కారు వచ్చి గోడ పక్కన ఆగింది. నువ్వు దిగలేదు. స్టీరింగు మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయావు. అమ్మాయిని కిందికి పరిగెత్తమందామనుకుంటుండగా, వెనక నుంచి గుండీ బెల్టు సాగినంత ముందుకొచ్చి నీ చెవి నాకడం మొదలుపెట్టింది. నువ్వు తల ఎత్తి తుడుచుకున్నావు. దిగావు, చుట్టూ తిరిగి వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, ముందు గొలుసు పట్టుకుని, తర్వాతే తలుపు తీశావు. అప్పుడు నేను కుర్చీలో కూలబడ్డాను. మీరిద్దరూ లిఫ్టులోంచి వచ్చేసరికి ఏడుపు అయిపోయి, మామూలుగా ఉన్నట్టు నటించాను. "ఇంత ఆలస్యమా?" అన్నది అందుకే.

అది ఇంట్లోకొచ్చి నన్ను చూసి అరవలేదు, గెంతలేదు. నా మంచి మోకాలికి తల ఆనించి అలా నిలబడిపోయింది చూశావుగా? ఇప్పుడు కర్టెన్ గుడ్డ మీద పడుకుంది. పై అంతస్తు ఆవిడకి ఇంకో వారం పడుతుందని చెప్పాను.

కారు ఇక్కడ వదిలేశావు. నీకు కావాల్సినప్పుడు వచ్చి తీసుకెళ్ళు. అన్నట్టు, తిరుగు ప్రయాణం బస్సులో ఎలా జరిగింది? నిజం రాయి.

అక్క

ఏప్రిల్ 12

అక్కా,

నిజమే రాస్తున్నాను.

మూడేళ్ళలో నేను బస్సెక్కడం ఇదే మొదటిసారి. ప్రయాణికుడిగా కూర్చోవడం డ్రైవరు సీటుకన్నా కష్టమనుకున్నాను, ఎందుకంటే బ్రేకు మన కాలి కింద ఉండదు. కండక్టర్ నా స్టాఫు పాసు చూశాడు. ముందు సీటు ఇస్తానన్నాడు. వద్దని మధ్యలో కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు దాటేదాకా డ్రైవరు మెడ వైపే చూస్తూ ఉన్నాను. కుర్రవాడు, బాగానే నడుపుతున్నాడు. మలుపుల దగ్గర ముందే వేగం తగ్గిస్తున్నాడు. ఘాటు రోడ్డు ఎప్పుడొస్తుందా, ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకోవాలి అనుకుంటూ కూర్చున్నాను.

ఎవరో భుజం తట్టారు. కళ్ళు తెరిస్తే కండక్టర్. "అన్నా, మీరు దిగాల్సింది ఎక్కడ?" అన్నాడు. చెప్పాను. "అయ్యో, అది దాటిపోయి రెండు స్టాపులైంది. మంచి నిద్రలో ఉన్నారని లేపలేదు" అన్నాడు.

ఘాటు రోడ్డు ఎప్పుడెక్కామో, ఎప్పుడు దిగామో నాకు తెలీదు.

దిగి, సంచీ భుజాన వేసుకుని, మెల్లగా నడుచుకుంటూ ఇంటికొచ్చాను. బాగా ఆకలేసింది. తిని మళ్ళీ పడుకున్నాను.

తమ్ముడు